ఎవరు చూస్తున్నారు?

జూన్ 22, ఆదివారం

అన్నయ్య కూతురు మనామి సాయంత్రం బండికి నాగోయా తిరిగి వెళ్ళింది. వెళ్ళేముందు వాళ్ళ నాన్నకి కొత్త టీవీ బిగించింది. ముందుగదిలో సగం గోడ అదే. దాని వెనక బొటనవేలంత పరికరం ఒకటి గుచ్చింది. సినిమాలు, పాటలు, లోకంలో ఉన్నవన్నీ ఇంటర్నెట్‌లోంచి దాని గుండా వస్తాయట. పాత యాంటెన్నా తీగ గోడలోంచి పీకేసి, చుట్టచుట్టి బీరువా వెనక పడేసింది.

"ఇప్పుడెవరు చూస్తారత్తా ఆ చానెళ్ళు? వాళ్ళు వేసింది మనం చూడాలి. ఇదైతే నాన్నకి ఏది కావాలంటే అదే" అంది.

అన్నయ్య ఏమీ అనలేదు. అనలేడు కదా. ఈ మాట రాయడం నాకింకా అలవాటు కాలేదు.

ఆగస్టులో గది ఖాళీ అవుతుందట, మనామి ఇంటికి దగ్గరగా ఉన్న వృద్ధాశ్రమంలో. నర్సులుంటారు, వెనక తోట ఉంది. వెతకమన్నది నేనే. నేనేమీ వదిలించుకోవడం లేదు. అన్నయ్య మంచికే.

జూన్ 24, మంగళవారం

టీవీ పెట్టగానే ప్రశ్న అడుగుతుంది. "ఎవరు చూస్తున్నారు?" కింద నాలుగు గుండ్రటి ముఖాలు. మనామి, దాని మొగుడు, ఇద్దరు పిల్లలు. అన్నయ్య ముఖం లేదు. మనామి ముఖం మీద నొక్కి, రిమోట్ అన్నయ్య ఎడమ చేతిలో పెట్టి పనికి వెళ్ళాను.

మధ్యాహ్నం కార్ఖానా నుంచి ఒంటినిండా సార్డీన్ చేపల వాసనతో వచ్చేసరికి, అన్నయ్య అలాగే కూర్చుని ఉన్నాడు. తెరమీద వరసలు వరసలుగా చిన్న చిన్న బొమ్మలు. ఏదీ తెరవలేదు. ఒక్కో వరసా దిగుతున్నాడు, దిగుతున్నాడు. ఎంత దిగినా అడుగు రాదు దానికి.

"ఏదైనా పెట్టుకోలేకపోయావా అన్నయ్యా?"

నావైపు చూశాడు. మళ్ళీ దిగడం మొదలుపెట్టాడు.

జూన్ 27, శుక్రవారం

అన్నయ్య చేతిలోంచి రిమోట్ జారి పడింది. వెనక మూత విరిగింది. టేపు అంటించాను.

జూన్ 28, శనివారం

జారలేదు. విసిరాడు.

ఆ రిమోట్‌కి మైకు బొమ్మ ఉన్న మీట ఒకటి ఉంది. నొక్కి ఏం కావాలో చెబితే వెతికి పెడుతుంది. మనామి పిల్లలు దాంతో ఆడుకుంటుంటే అన్నయ్య చూశాడు కాబోలు. నిన్న నేను వంటింట్లో ముల్లంగి తురుముతుంటే ముందుగదిలోంచి వినబడింది.

"స... స్స... సా..."

మనసులో మాట ఉంది. నోట్లోకి రావడం లేదు. జనవరిలో తల్లో నరం చిట్లినప్పటి నుంచీ ఇంతే. కుడి చెయ్యి కొంచెం కొంచెంగా తిరిగొస్తోంది, మాట రావడం లేదు. మనం అన్నవన్నీ అర్థమవుతాయి. తనకే బయటికి దారి లేదు.

టీవీ ఆడగొంతుతో, ఎంతో మర్యాదగా, "క్షమించండి, అర్థం కాలేదు. మళ్ళీ చెప్పండి" అంది.

"స్స... సు..."

"క్షమించండి, అర్థం కాలేదు. మళ్ళీ చెప్పండి."

మూడోసారి ఇంకేదో అర్థమైనట్టుంది దానికి. సబ్బు తయారుచేసే విధానం చూపించింది. అప్పుడు విసిరాడు.

నేను ముల్లంగి తురుముతూనే ఉన్నాను. చూడనట్టు ఉంటే మంచిదనిపించింది. ఎవరికి మంచిదో.

జూలై 1, మంగళవారం

వాన. ఏమీ లేదు.

జూలై 4, శుక్రవారం

వంటింట్లో నిలబడి తినడం మొదలుపెట్టాను ఈమధ్య. పని త్వరగా అవుతుందని. అన్నయ్య పళ్ళెం ముందుగదిలో పెట్టేసి వచ్చి, నా అన్నం గట్టు దగ్గరే తినేస్తాను. రేడియో ఉంటుంది కదా అక్కడ.

పక్కింటి మురామత్సు గారు అల్లం పచ్చడి ఇచ్చి వెళ్ళారు. గడప దగ్గరే నిలబడి లోపలికి తొంగి చూశారు. "తెరుహికో ఎలా ఉన్నాడు?" అన్నారు, చెవుడున్నవాళ్ళ దగ్గర అడిగినట్టు గట్టిగా.

"బాగున్నాడండీ. లోపలికి రండి."

"మళ్ళీ వస్తాలే ఇత్సుకో గారూ, చెప్పులు తడిసిపోయాయి."

తడిసినవి చెప్పులు కాదని నాకు తెలుసు. ముప్పై ఏళ్ళు చేపల రేవులో అన్నయ్య వేలం వేస్తే ఈయన కొనుక్కునేవారు. తెల్లవారకముందే ఆ గొంతు మంచుగడ్డల మీదుగా దూసుకొచ్చేదట. రేవు అవతల సత్రంలో బస చేసినవాళ్ళు దెబ్బలాటేమోనని లేచి కూర్చునేవారట. అలాంటి మనిషి ముందు కూర్చుని ఏం మాట్లాడాలో ఎవరికి తెలుసు? నాకు తెలుసా?

జూలై 8, మంగళవారం

మాటల శిక్షణ ఇచ్చే త్సుచియా గారు వచ్చారు. చిన్నపిల్లే, కానీ ఓపిక ఎక్కువ. బొమ్మలున్న కార్డులు చూపించింది. గొడుగు, పిల్లి, రైలు. అన్నయ్య కళ్ళు మూసుకున్నాడు.

వెళ్తూ నన్ను గుమ్మం దగ్గర అడిగింది. "రోజంతా ఇంట్లో ఎవరైనా మాట్లాడుతుంటారా ఇత్సుకో గారూ?"

"మాట్లాడుతూనే ఉంటానండీ" అన్నాను.

జూలై 9, బుధవారం

మనామికి ఫోన్ చేసి గది ఖాయం చెయ్యమన్నాను. గుండె తేలికపడింది.

జూలై 13, ఆదివారం

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. నవ్వి నవ్వి పక్కటెముకలు నొప్పి.

మూడు గంటలప్పుడు మురామత్సు గారు వచ్చారు, ఉడకబెట్టిన పచ్చి సోయా కాయలు పట్టుకుని. ఈసారి చెప్పులు విప్పి లోపలికే వచ్చేశారు.

"ఇవాళ్టి నుంచి పదిహేను రోజులు సుమో కుస్తీలు. మా ఇంట్లో టీవీ మనవల చేతికి చిక్కింది. ఒరేయ్ తెరూ, ఇక్కడ చూస్తానురా, కాదనకు."

అన్నయ్య తల ఎత్తాడు. నాకు అప్పుడు వెలిగింది. స... స్స... సు. ఆ రోజు మైకులో అడిగింది సబ్బు కాదు, సుమో.

నేను రిమోట్ తీసి మనామి ముఖం నొక్కి వెతికాను. పాత కుస్తీలు వచ్చాయి, పదేళ్ళ కిందటివి. విదేశాల్లో కుక్కపిల్లలకి సుమో వస్త్రాలు కట్టిన వీడియో వచ్చింది. ఇవాళ్టిది మాత్రం లేదు.

"ఇవాళ్టిది పెట్టండమ్మా" అన్నారు మురామత్సు గారు.

"అదే వెతుకుతున్నానండీ."

"వెతకడమేమిటి? ఒకటో మీట నొక్కితే వస్తుందిగా."

రిమోట్ ఆయన చేతిలో పెట్టాను. అటూ ఇటూ తిప్పి చూశారు. "దీనికి అంకెలేవీ?" అన్నారు. నిజంగానే ఒక్క అంకె కూడా లేదు.

అప్పుడు అన్నయ్య తన ఎడమ చేత్తో టేబులు అంచు మీద కొట్టాడు. టక్ టక్. బీరువా సొరుగు చూపించాడు. అందులో టీవీతోపాటు వచ్చిన అసలు రిమోట్, పొడుగ్గా, ప్లాస్టిక్ తొడుగు కూడా విప్పకుండా ఉంది. అది అక్కడుందని ఎన్నాళ్ళుగా తెలుసో ఆయనకి! ఎవరైనా అడిగితేగా.

ఆ రిమోట్‌తో చానెళ్ళకి మార్చాను. తెర నల్లబడి "సిగ్నల్ అందడం లేదు" అని వచ్చింది.

"తీగ లేదు కదండీ. మనామి పీకేసింది."

బీరువా జరపాలి. మురామత్సు గారికి నడుం నొప్పి, నాకు మోకాళ్ళు. ఇద్దరం కలిసి తోస్తే అది కదల్లేదు. అన్నయ్య లేచాడు. కర్ర పక్కన పెట్టేసి, ఎడమ భుజం ఆనించాడు. "వద్దురా, పడతావు" అని మురామత్సు గారు, "వద్దన్నయ్యా" అని నేను. వినలేదు. రేవులో చేపల పెట్టెలు నెట్టిన భుజం. బీరువా కదిలింది.

తీగ బూజు పట్టి ఉంది. చివర సన్నటి సూదిలాంటిది వంగిపోయి ఉంది. నా జడపిన్నుతో నిటారు చేశాను. గోడకి ఒక కొస గుచ్చాను. టీవీ వెనక రెండు బొక్కలున్నాయి, అచ్చం కవలపిల్లల్లా. మురామత్సు గారు పైదాన్లో పెట్టారు. సిగ్నల్ లేదు. నేను తీసి కిందిదాన్లో పెట్టాను. సిగ్నల్ లేదు.

"మీరు సరిగా గుచ్చలేదు."

"మీరు గుచ్చింది మాత్రం ఏం బాగుందండీ?"

"నేను ముప్పై ఏళ్ళు చేపలు కొన్నానమ్మా, తీగలు కాదు."

వెనకనుంచి ఒక చప్పుడు వచ్చింది. ఇద్దరం తిరిగి చూశాం. అన్నయ్య నవ్వుతున్నాడు. గొంతులోంచి, పాత అన్నయ్యలా, భుజాలు కదులుతూ.

టీవీ మొదటిసారి కదా, చానెళ్ళు అదే వెతుక్కోవాలట. ఏ జిల్లాలో ఉన్నారని అడిగింది. ఇన్నాళ్ళకి మేము చెప్పగలిగిన ప్రశ్న ఒకటి అడిగింది అది. షిజుఓకా అని ఎంచాను. తెరమీద గీత ఒకటి మెల్లగా నిండుతుంటే ముగ్గురం పురుడు దగ్గర కూర్చున్నట్టు కూర్చున్నాం. ఒక్కో చానెలు పేరూ పైకి తేలింది.

ఒకటో మీట నొక్కాను.

జనవరి నుంచీ అంత ప్రాణం చూడలేదు అన్నయ్య ముఖంలో. రంగుల అంగీలో రిఫరీ, జనం హోరు, కొండల్లాంటి ఇద్దరు మనుషులు. అదంతా ఇప్పుడే, ఈ నిమిషంలో నాగోయాలో జరుగుతోంది. ఆరింటిదాకా ఒక్క మాట అడగలేదు టీవీ మమ్మల్ని.

సోయా కాయల తొక్కలు చాప నిండా. ఊడ్చాను. ఇంకా ఏదో రాయాలి కానీ నిద్ర వస్తోంది. హాయిగా వస్తోంది.

జూలై 14, సోమవారం

పరికరం పీకి సొరుగులో పెట్టాను. "నువ్వు చూస్తావా దాన్ని?" అని అడిగాను అన్నయ్యని ముందు. తల అడ్డంగా ఊపాడు, ఈగని తోలినట్టు.

జూలై 16, బుధవారం

అన్నయ్య అన్నీ చూస్తున్నాడు. వాతావరణం, వంటలు, ఎవరో ముసలాయన ద్రాక్షతోట, ఏదో రాజకీయం, నెత్తిమీద జుట్టు మొలిపించే నూనె ప్రకటన. పొద్దున్నే వ్యాయామం వస్తే ఎడమ చెయ్యి ఎత్తుతున్నాడు, కుడి చెయ్యి కూడా అంత ఎత్తుకి లాక్కొస్తున్నాడు.

నాకు ఇప్పుడు అర్థమైంది, ఏది కావాలంటే అది చూడవచ్చు అంటే, ఏది కావాలో చెప్పాలి కదా. రోజుకి వందసార్లు చెప్పాలి. చెప్పలేని మనిషికి అది ఎంత పనో! చానెలైతే వాళ్ళు వేసింది చూస్తే చాలు. నచ్చకపోతే ముఖం చిట్లించవచ్చు. చిట్లించడానికి మాటలక్కర్లేదు.

ఇవాళ నా పళ్ళెం కూడా ముందుగదిలోకి తెచ్చుకున్నాను. వంటింట్లో వేడి ఎక్కువగా ఉంది.

జూలై 18, శుక్రవారం

నిద్రపోయేముందే ఇది రాసేయాలి.

సాయంత్రం మురామత్సు గారు, అన్నయ్య, నేను. మన షిజుఓకా కుర్రాడి కుస్తీ. ఇద్దరూ గీత దగ్గర వంగారు. సరిగ్గా అప్పుడే నాకు కార్ఖానా సంగతి ఒకటి గుర్తొచ్చి చెప్పడం మొదలుపెట్టాను. కొత్త యంత్రం చేపముద్దని చదరంగా కోస్తోందని, పూర్వం అర్ధచంద్రంలా ఉండేదని, దానికి మా మేస్త్రీ ఏమన్నాడంటే అని...

"నోర్ముయ్!"

నేను మురామత్సు గారి వైపు చూశాను. ఆయన నావైపు చూశారు. ఆయన నోట్లో కాయ ఉంది.

అన్నయ్య టీవీనే చూస్తున్నాడు. తను ఏమన్నాడో తనకే తెలియదు. కుర్రాడు అవతలివాణ్ణి వలయం బయటికి తోసేశాడు. అన్నయ్య తొడ చరిచాడు. ఆ తర్వాత గది ఎందుకింత నిశ్శబ్దంగా ఉందో అనుకున్నట్టు మావైపు తిరిగాడు.

"ఒరేయ్ తెరూ. ఇప్పుడు నువ్వేమన్నావురా?" అన్నారు మురామత్సు గారు, గింజలు మింగేసి.

అన్నయ్య తెల్లబోయాడు. పెదాలు కదిపాడు. రాలేదు.

"ఫరవాలేదు, తొందరేం లేదు" అన్నాను. నేను ఏడుస్తున్నానని మురామత్సు గారు రుమాలిచ్చారు. దానికి కూడా చేపల వాసనే.

"ఆర్నెల్ల తర్వాత తిట్టించుకున్నారు, అదృష్టవంతులమ్మా మీరు. నన్ను ముప్పై ఏళ్ళు తిట్టాడు. ఒరేయ్, నన్ను కూడా ఒకటి అనరా" అని ఆయన బతిమాలారు. అన్నయ్య ఆయన్ని చూసి, మెల్లగా, ఎంతో కష్టపడి, నాలుక బయటపెట్టి వెక్కిరించాడు.

జూలై 19, శనివారం

త్సుచియా గారికి ఫోన్ చేశాను. "తిట్లు, లెక్కలు, పలకరింపులు ముందు వస్తాయండీ. ఆలోచించకుండా అనేవి. అవి వచ్చాయంటే దారి ఉందన్నమాట" అంది. "ఏం జరుగుతుండగా వచ్చింది?"

"నేను ఎక్కువ మాట్లాడుతుంటే."

"అయితే ఇంకా ఎక్కువ మాట్లాడండి" అంది.

జూలై 21, సోమవారం

మనామికి ఫోన్ చెయ్యాలి. సెలవు కదా, పిల్లలతో బయటికి వెళ్ళి ఉంటుంది.

జూలై 22, మంగళవారం

విపరీతమైన వేడి. చెయ్యలేదు.

జూలై 23, బుధవారం

ఇవాళ రెండు మాటలు. "ఔట్", "దరిద్రుడు". రెండూ రిఫరీకే.

ఫోన్ చెయ్యాలి.

జూలై 24, గురువారం

మనామే చేసింది. శనివారం వస్తుందట. గది అనుకున్నదానికంటే ముందే ఖాళీ అయిందట, చూడటానికి ఆదివారం సాయంత్రం నాన్నని కారులో తీసుకెళ్తుందట. నచ్చితే అక్కడే. "నువ్వు చెప్పినట్టే అన్నీ చేశానత్తా" అంది.

నేను "సరే" అన్నాను. ఇంకేమనాలి? నేనే కదా చెప్పింది.

జూలై 26, శనివారం

మనామి వచ్చింది. టీవీ వెనక చూసింది. ముఖం వాడిపోయింది.

"నేనిచ్చింది తీసేశారా?"

"సొరుగులో భద్రంగా ఉందమ్మా."

"నాన్నకి విసుగు పుట్టకూడదని కొన్నాను. ఎన్ని సినిమాలు చేర్చి పెట్టానో తెలుసా? ఆయన కుర్రతనంలో చూసినవన్నీ వెతికి వెతికి..." పాపం, అంత దూరం నుంచి అది చెయ్యగలిగింది అదే. నేను దగ్గరుండి ఏం చేశాను, వంటింట్లో నిలబడి తిన్నాను.

"నీ తప్పు కాదే. మీ నాన్న మాట ఆ పరికరానికి అర్థం కాలేదు."

"నీకు అర్థమవుతుందా?"

"ఈమధ్యే."

నాలుగింటికి సుమో పెట్టాను. మురామత్సు గారు తన చోటులో కూర్చున్నారు. మనామి వాళ్ళ నాన్న పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది. "నాన్నా, ఇది మా నాగోయాలోనే జరుగుతోంది. అక్కడికొచ్చేస్తే వచ్చే ఏడు నేరుగా హాలుకే తీసుకెళ్తాను. గది బాగుంది. కిటికీలోంచి నది కనబడుతుంది. వస్తావా?"

అన్నయ్య చెయ్యి ఎత్తి ఆగమన్నాడు. కుస్తీ అయ్యేదాకా ఆగింది. అప్పుడు ఆయన దాని ముఖంలోకి చూశాడు, పెదాలు రెండు మూడుసార్లు తెరిచి మూసి, అన్నాడు.

"రేపు."

మనామి ఏడ్చేసింది. నాన్న మాట విని ఎన్నాళ్ళయిందో దానికి. "రేపు వస్తాడట అత్తా! విన్నావా? రేపే వస్తానన్నాడు!"

విన్నాను. ఆయన చొక్కాలు ఇస్త్రీ చేశాను. మేజోళ్ళు జతపరిచి సంచిలో సర్దాను. మంచి చోటే. నది కనబడుతుందట.

నాకు వెళ్ళనివ్వాలని లేదు. ఇక్కడ రాస్తున్నాను, ఎవరికీ చెప్పను. లేదు. లేదు.

జూలై 27, ఆదివారం

చెప్పేశాను.

పొద్దున్న మనామి పళ్ళు తోముకుంటుంటే స్నానాలగది గుమ్మంలోనే చెప్పేశాను. "మనామీ, గది వెతకమని నేను అడిగినప్పుడు నాకు ఈ ఇంట్లో చప్పుడు లేకపోవడం భయం. ఆయన మంచికి అన్నాను, నా మంచికే అడిగాను. ఇప్పుడు ఉండమని అడుగుతున్నాను. ఇది కూడా నా మంచికే."

నోటినిండా నురగతో అది నావైపు చూసింది. ఉమ్మేసి, "నాన్నే వస్తానన్నాడు కదత్తా" అంది, మెత్తగా. నిజమే కదా.

ఆఖరి రోజు కుస్తీలు. మురామత్సు గారు ఇవాళ బీరు తెచ్చారు, అన్నయ్యకి బార్లీ టీ. ఎప్పటికంటే ఎక్కువ కేకలు. సంచి గుమ్మం పక్కన నిండుగా కూర్చుని ఉంది. ఆఖరి కుస్తీ అయింది. గెలిచినవాడికి పెద్ద కప్పు ఇచ్చారు. జనం లేస్తున్నారు. తర్వాతి పోటీలు సెప్టెంబరులో టోక్యోలో అని టీవీ చెప్పింది.

మనామి లేచి, "మరి బయల్దేరుదామా నాన్నా?" అంది.

అన్నయ్య దాన్ని వింతగా చూశాడు. సంచి చూశాడు. నన్ను చూశాడు. ముఖం ఎర్రబడింది.

"రేపు అన్నావుగా నిన్న" అంది మనామి.

అన్నయ్య టీవీ చూపించాడు. తర్వాత నేల చూపించాడు. "రేపు" అన్నాడు గట్టిగా, మళ్ళీ టీవీ చూపించి.

మురామత్సు గారు బీరు గ్లాసు కింద పెట్టారు. "అమ్మాయ్, నిన్న ఆయన అన్నది ఆఖరి రోజు సంగతి. రేపు ఆఖరి కుస్తీలున్నాయి, నన్ను కదల్చకండి అని."

"మరి ఇప్పుడు అయిపోయాయి కదా?"

అన్నయ్య కళ్ళు మూసుకున్నాడు. మాట ఎక్కడుందో లోపల వెతుకుతున్నట్టు.

"సె... సెప్... టెంబరు."

ముందు నవ్వింది మనామే. నవ్వుతూ కూలబడి, వాళ్ళ నాన్న మోకాలి మీద తల పెట్టేసింది. "సెప్టెంబరు తర్వాత నవంబరు అంటావు. నాకు తెలుసు."

"నవంబరులో క్యూషూలో" అన్నారు మురామత్సు గారు.

గది వేరేవాళ్ళకి ఇచ్చెయ్యమని చెబుతానంది. నెలకి రెండుసార్లు వస్తానంది. పరికరం తనతో పట్టుకుపోయింది, పిల్లల గదిలో పెట్టుకుంటారట. సంచి విప్పి ఇస్త్రీ చేసిన చొక్కాలన్నీ మళ్ళీ బీరువాలో పెట్టాను. ఇంత సంతోషంగా నేనెప్పుడూ బట్టలు సర్దలేదు.

జూలై 28, సోమవారం

ఇవాళ సుమో లేదు. అయినా నాలుగింటికి టీవీ పెట్టమన్నాడు. వంటల కార్యక్రమం. వంకాయలు వేయించి మిసోతో, అదే పులియబెట్టిన సోయా ముద్దతో, కలిపారు. చూసి నేనూ రాత్రికి అదే చేశాను. ఇద్దరం ముందుగదిలో కూర్చుని తిన్నాం.

అన్నయ్య ఒక ముక్క నోట్లో పెట్టుకుని, నమిలి, చాలాసేపు ఆలోచించాడు. నేను తినడం ఆపి చూస్తున్నాను.

"ఉప్పు" అన్నాడు.

తక్కువేం కాలేదు. డాక్టరు వెయ్యమన్నంత వేశాను. రేపు కూడా అంతే వేస్తాను. అననీ.